ఏ లెక్కను ఎంతవరకు నమ్మాలి: విశాఖవాసులకు ప్రభుత్వ డేటా ఎంపికలో కొన్ని సలహాలు

పోర్టు పక్కన జ్ఞానాపురంలో గానీ, పరిశ్రమల నడుమ మిందిలో గానీ ఉండే ఒక సంక్షేమ సంఘం తమ వీధిలో పడే దుమ్ము గురించి అధికారులకు వినతిపత్రం ఇవ్వదలిస్తే, దానికి జతచేయదగిన ప్రభుత్వ లెక్కలు ఈనాడు నాలుగైదు చోట్ల దొరుకుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో గంట గంటకూ మారే అంకెలు ఉంటాయి. వారానికి రెండుసార్లు గాలి నమూనాలు తీసి తూచిన సగటులు ఉంటాయి. పరిశ్రమలు తమ పొగగొట్టాలకు బిగించుకున్న యంత్రాలు పంపే కొలతలు ఉంటాయి. వీటన్నిటికీ తోడు, సమాచార హక్కు చట్టం కింద అడిగి తెచ్చుకునే ధ్రువీకృత నకళ్ళు ఉంటాయి. అన్నిటి మీదా ప్రభుత్వ ముద్ర ఉన్నంత మాత్రాన అవన్నీ ఒకే స్థాయిలో నమ్మదగినవి కావు, ఒకే ప్రశ్నకు జవాబు చెప్పేవీ కావు.

ఈ విషయంలో మనవాళ్ళు సాధారణంగా రెండు వర్గాలుగా ఉంటారు. సర్కారు చెప్పింది కనుక అదే నిజమనేవారు ఒక వర్గం, సర్కారువన్నీ కాకిలెక్కలేనని కొట్టిపారేసేవారు మరో వర్గం. పరిశీలించే శ్రమను తప్పించుకోవడంలో మాత్రం ఇద్దరూ ఒక్కటే. నా అభిప్రాయంలో ఏ పోర్టల్‌నూ మొత్తంగా నమ్మనక్కరలేదు, మొత్తంగా తోసిపుచ్చనూ అక్కరలేదు. తప్పు ఉంటే బయటివారు పట్టుకోగల వీలు ఏ లెక్కలో ఎక్కువగా ఉందో, ఆ లెక్కకు ఎక్కువ విలువ ఇవ్వాలి. ఈ వ్యాసంలో చేసిన పోలికలన్నీ ఆ ఒక్క ప్రమాణం మీదనే ఆధారపడి ఉన్నాయి.

నమ్మకం దేని మీద నిలుస్తుంది

మన దేశంలో ప్రభుత్వ డేటాను బహిరంగపరచడానికి చట్టబద్ధమైన పునాది 2005 నాటి సమాచార హక్కు చట్టం. ఎవరూ అడగకముందే ప్రతి కార్యాలయం తన నిర్మాణం, అధికారాలు, బడ్జెట్, లబ్ధిదారుల వివరాలు మొదలైన 17 అంశాలను ప్రకటించాలని అందులోని 4వ సెక్షన్ ఆదేశిస్తుంది. 2012లో జాతీయ డేటా పంపిణీ విధానం, దాని వెంట జాతీయ ఓపెన్ డేటా పోర్టల్ వచ్చాయి. ఆ డేటాను ఎవరైనా తిరిగి వాడుకోవచ్చని చెప్పే లైసెన్సును 2017లో నోటిఫై చేశారు. ఈ ఏళ్ళలో ఫైళ్ళ సంఖ్య పెరిగిన మాట నిజమే గానీ, నమ్మకం ఆ వేగంతో పెరిగిందని చెప్పలేము. ఎందుకో అర్థం కావాలంటే 2019ని గుర్తుచేసుకుంటే చాలు. కార్మిక శక్తి సర్వే నివేదిక విడుదలలో జాప్యం జరుగుతోందన్న కారణంగా ఆ ఏడాది జనవరిలో జాతీయ గణాంక సంఘానికి ఇద్దరు సభ్యులు రాజీనామా చేశారు. నిరుద్యోగిత 6.1 శాతమని చెప్పిన ఆ నివేదిక సార్వత్రిక ఎన్నికలు ముగిశాక, మే 31న వెలువడింది. అదే ఏడాది నవంబరులో 2017–18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలను విడుదల చేయబోమని కేంద్రం ప్రకటించింది. సర్వే చేసినవారి నైపుణ్యం మీద అనుమానం లేనివారికి సైతం, ఏ అంకె ఎప్పుడు బయటకు రావాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్న సందేహం అప్పటినుంచి మిగిలిపోయింది. అందువల్ల విడుదల తేదీని ముందే ప్రకటించి, ఫలితం ఎలా ఉన్నా ఆ తేదీకే విడుదల చేసే సంస్థ డేటాకు, వీలు చూసుకుని విడుదల చేసే సంస్థ డేటా కంటే ఒక మెట్టు ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయం.

విడుదల తేదీ తర్వాత చూడవలసినది, కొలిచినవారికి ఆ అంకె వల్ల లాభనష్టాలు ఉన్నాయా అన్నది. ఆ తర్వాత మూల కొలతలు దొరుకుతాయా లేక సగటు మాత్రమే ఇస్తున్నారా అన్నది, అంకెను సవరించినప్పుడు పాత అంకెనూ సవరణ కారణాన్నీ ఉంచుతున్నారా లేక చడీచప్పుడు లేకుండా మార్చేస్తున్నారా అన్నది చూడాలి. ప్రశ్నిస్తే జవాబు చెప్పవలసిన అధికారి హోదా అక్కడ రాసి ఉందా అన్నదీ ముఖ్యమే. చేపల రేవులో కొనేవారు మొప్ప ఎత్తి చూశాకే బేరమాడతారు గానీ పొలుసు మెరుపు చూసి డబ్బు చేతిలో పెట్టరు. రంగురంగుల డాష్‌బోర్డుల ముందు మాత్రం మనం ఆ జాగ్రత్తను మరచిపోతుంటాము. డౌన్‌లోడ్ బటన్ లేని డాష్‌బోర్డును నేను డేటాగా లెక్కించను, దానిని ప్రకటనగానే చూస్తాను.

గాలి లెక్కలు: నాలుగు వనరులు, నాలుగు ఉపయోగాలు

విశాఖవాసికి అన్నిటికంటే ఎక్కువగా అవసరపడేదీ, అన్నిటికంటే ఎక్కువగా అపార్థానికి గురయ్యేదీ గాలి డేటాయే కనుక దీనిని కొంచెం విపులంగా చూద్దాం.

మొదటిది నిరంతర పర్యవేక్షణ కేంద్రం. కేంద్ర మండలి జాబితాలో విశాఖపట్నం పేరిట ఏళ్ళ తరబడి కనిపించినది జీవీఎం కార్పొరేషన్ (మహా విశాఖ నగరపాలక సంస్థ) పేరుతో ఉన్న కేంద్రమే. దానిని నడిపేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. గంటవారీ కొలతలను ఎవరైనా దించుకోవచ్చు కాబట్టి పైన చెప్పిన ప్రమాణాలలో ఇది చాలావరకు నెగ్గుతుంది. అయితే వాతావరణ వార్తల్లో వినిపించే గాలి నాణ్యత సూచీ నేరుగా కొలిచినది కాదు, లెక్కగట్టినది. 2015లో ప్రవేశపెట్టిన ఈ సూచీకి కనీసం మూడు కాలుష్య కారకాల కొలతలు కావాలి. అందులో ఒకటి తప్పనిసరిగా గాలిలో తేలే సన్నని రేణువుల కొలతలైన పీఎం 2.5 గానీ పీఎం 10 గానీ అయి ఉండాలి, కనీసం 16 గంటల కొలతలు ఉండాలి. అవి లేనినాడు సూచీ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని చూసి కొందరు అనుమానపడతారు గానీ, లేని కొలతను లేదని చూపడం మంచి లక్షణమే. ఊహించి పూడ్చిన గడి కంటే ఖాళీ గడి ఎప్పుడూ మేలు.

ఈ సూచీలో రంగును గాక మైక్రోగ్రాములను తీసుకోవాలని నా గట్టి సలహా. మన సూచీ ప్రకారం 24 గంటల సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకు 31 నుంచి 60 మైక్రోగ్రాముల మధ్య ఉంటే అది ‘సంతృప్తికరం’. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటలకు సూచించిన పరిమితి 15. వార్షిక సగటుకు మన జాతీయ ప్రమాణం 40 కాగా ఆ సంస్థ సూచించినది 5. కొలతలో ఏ అబద్ధమూ లేకపోయినా దానికి తగిలించిన విశేషణం వల్ల ఒక పాఠకుడు నిశ్చింతగానూ మరొక పాఠకుడు మోసపోయినట్టుగానూ భావించే అవకాశం ఇక్కడే ఉంది.

ఇక ఒకే కేంద్రం నగరం మొత్తానికి ప్రాతినిధ్యం వహించగలదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఉత్తరాన కైలాస కొండల వరుసకూ దక్షిణాన యారాడ కొండల వరుసకూ మధ్య గిన్నెలా ఉన్న నగరం మనది. పగలు సముద్రం మీదినుంచి, రాత్రి నేల మీదినుంచి గాలి వీచే ఈ నైసర్గిక స్థితిలో మధురవాడ గాలికీ గాజువాక గాలికీ పోలిక ఉండకపోవచ్చు. నగర నడిబొడ్డున తీసిన కొలత మీ వీధి పరిస్థితిని చెప్పకపోతే ఆ కొలత తప్పని అర్థం కాదు, మీ ప్రశ్నకు అది చాలదని మాత్రమే అర్థం.

అటువంటి ప్రశ్నకు రెండవ వనరు, అంటే చేతితో నిర్వహించే కేంద్రాలు, ఎక్కువ ఉపయోగపడతాయి. జాతీయ వాయు పర్యవేక్షణ కార్యక్రమం కింద మింది, జ్ఞానాపురం, సీతమ్మధార వంటి చోట్ల వారానికి రెండు రోజుల చొప్పున, ఏడాదికి 104 రోజులు లక్ష్యంగా నమూనాలు తీస్తారు. వడపోత కాగితాన్ని ప్రయోగశాలలో తూచి దుమ్మును లెక్కించే పద్ధతి నెమ్మదైనదే, ఫలితాలూ ఆలస్యంగానే వస్తాయి. అయినా వివిధ ప్రాంతాలను పోల్చడానికీ, ఒక ప్రాంతంలో ఏటికేడు వచ్చిన మార్పును చూపడానికీ ఇదే సరైన ఎంపిక. రోజువారీ హెచ్చరికకు మాత్రం ఇది పనికిరాదు.

మూడవది పరిశ్రమల సొంత యంత్రాల డేటా. అత్యధికంగా కాలుష్యం వెలువరించే 17 రకాల పరిశ్రమలు ఇటువంటి యంత్రాలను అమర్చుకోవాలని కేంద్ర మండలి 2014లో ఆదేశించింది. ఆ కొలతలను రాష్ట్ర మండళ్ళు తమ పోర్టల్‌లో ప్రజలకు కనిపించేలా ఉంచాలని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరి 22 నాటి తీర్పులో చెప్పింది. ఇక్కడ కొలిచేవారూ, ఆ కొలత వల్ల నోటీసు అందుకోవలసినవారూ ఒకరే కావడం వల్ల సహజంగానే నమ్మకం తగ్గుతుంది. అందుకని దీనిని పక్కన పెట్టనక్కరలేదు. ఏ గంటలో కొలత ఒక్కసారిగా పెరిగింది, ఏ రోజుల్లో డేటా ఆగిపోయింది అన్న ప్రశ్నలకు ఇది విలువైన ఆధారం. నిబంధనలను పాటిస్తున్నారనడానికి మాత్రం దీని ఒక్కదాన్నే రుజువుగా అంగీకరించకూడదు. పర్యావరణ అనుమతి పొందిన సంస్థలు ఏటా జూన్ 1కీ డిసెంబరు 1కీ సమర్పించవలసిన అర్ధసంవత్సర నివేదికలను దీని పక్కన పెట్టి చదివితే తేడాలు బయటపడతాయి.

నాలుగవది ఇళ్ళలో, అపార్టుమెంట్లలో పెట్టుకునే చవక పరికరాలు. ఇవి ప్రభుత్వ డేటా కాకపోయినా ప్రభుత్వ డేటాను ప్రశ్నించడానికి చాలామంది వీటినే చూపుతున్నారు గనుక ఒక మాట చెప్పాలి. రేణువుల మీద పడిన కాంతి చెదిరే తీరును (పరిక్షేపణాన్ని) బట్టి వాటిని లెక్కించే ఈ పరికరాలు గాలిలో తేమ ఎక్కువైతే అంకెను పెంచి చూపుతాయి, మన తీరంలో తేమకు కొదవ లేదు. ఒకే పరికరంతో ఉదయాన్నీ సాయంత్రాన్నీ పోల్చుకోవచ్చు గానీ, మండలి కేంద్రంలో అంకె తక్కువగా ఉంది కనుక అది అబద్ధమని వీటి ఆధారంగా తేల్చకూడదు.

ఈ నాలుగింటిలో ఏదీ చెప్పలేని సంగతి ఒకటి ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో పరిశ్రమ నుంచి లీకై ప్రాణాలు తీసిన స్టైరీన్ అనే రసాయన ఆవిరి, 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాలలోని 12 కాలుష్య కారకాల జాబితాలో లేదు. సూచీ ఎంత బాగున్నా ఆ ఆవిరి గురించి అది ఏమీ చెప్పదు. కొలవనిదాని గురించి ఏ పోర్టలూ చెప్పలేదు కనుక, ఒక డేటాను నమ్మేముందు అందులో ఏయే అంశాలు కొలుస్తున్నారో చదవడం తప్పనిసరి. ఆ దుర్ఘటనపై రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక 2020 జూలైలో బయటకు వచ్చింది. పరిశ్రమ లోపాలతో పాటు నియంత్రించవలసిన శాఖల అలసత్వాన్నీ అది ఎత్తిచూపింది. తనకు ఇబ్బంది కలిగించే విషయాన్ని ప్రభుత్వ పత్రమే చెప్పినప్పుడు దాని విలువ పెరుగుతుంది.

అంకెకూ డబ్బుకూ ముడిపడిన చోట మరికొంత జాగ్రత్త అవసరం. 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో విశాఖ ఉంది. జనాభా పది లక్షలు దాటిన నగరాలకు గాలి నాణ్యత మెరుగుదలను బట్టి నిధులు ఇచ్చే పద్ధతిని 15వ ఆర్థిక సంఘం ప్రవేశపెట్టింది. మెరుగుదల చూపితే నిధులు వచ్చే వ్యవస్థలో, ఎవరి మీదా నింద వేయకుండానే, సగటుతో పాటు మూల కొలతలనూ, కేంద్రం స్థలం మారితే ఆ వివరాన్నీ అడగడం పౌరుడి పని.

జనాభా, జిల్లా లెక్కలు: అంకె కంటే సరిహద్దు ముఖ్యం

2011 జనగణన ప్రకారం విశాఖ నగరపాలక సంస్థ జనాభా 17,28,128. ఉమ్మడి విశాఖపట్నం జిల్లా జనాభా 42,90,589. ఇంటింటికీ తిరిగి లెక్కించిన ఈ అంకెల మీద తగాదా లేదు. తగాదా అంతా ఇవి ఏ నేలకు వర్తిస్తాయన్న దాని మీదనే. అనకాపల్లి, భీమునిపట్నం ఆ తర్వాత నగరపాలక సంస్థలో కలిశాయి. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. పాడేరు, అరకు మన్యంతో కూడిన 2019 నాటి ‘విశాఖపట్నం జిల్లా’కూ, దాదాపు నగరమే అయిన నేటి జిల్లాకూ ఉన్నది పేరు పోలిక మాత్రమే. అక్షరాస్యతలోనో ఆసుపత్రి ప్రసవాలలోనో 2022 తర్వాత ఒక్కసారిగా పెరుగుదల కనిపిస్తే దానిని ప్రగతిగా చూపేవారినీ, బూటకమని కోప్పడేవారినీ ముందుగా సరిహద్దు గురించి అడగాలి.

అందుచేత కాలక్రమ పోలికకు మండల స్థాయి పట్టికలు తీసుకుని నేటి సరిహద్దుకు తగ్గట్టు కూడుకోవడమే ఉత్తమం. జిల్లా పట్టికను నేరుగా వాడకూడదు. తలసరి లెక్కలు ఇంకా బలహీనమైనవి. తదుపరి జనగణనకు ఆధార తేదీ 2027 మార్చి 1 కనుక, ఆ ఫలితాలు వచ్చేవరకు తలసరి నీరు, తలసరి చెత్త వంటి అంకెలన్నీ అంచనా జనాభా మీద నిలిచినవే. అంచనా ఎలా వేశారో రాయని తలసరి అంకెను వినతిపత్రంలో పెట్టకపోవడమే మంచిది. వర్షపాతం, ఉష్ణోగ్రత విషయంలోనూ ఇటువంటి చిక్కు చిన్నది ఒకటి ఉంది: వాతావరణ శాఖకు వాల్తేరులో ఒక కేంద్రం, విమానాశ్రయంలో మరొక కేంద్రం ఉన్నాయి, రెండు పత్రికలు రెండు అంకెలు వేస్తే రెండూ నిజమే కావచ్చు.

నగరాల ర్యాంకుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విశాఖ 2017లో 3వ స్థానంలో, 2019లో 23వ స్థానంలో, 2020లో 9వ స్థానంలో నిలిచింది. పోటీపడిన నగరాల సంఖ్య, మార్కుల విభజన ఏటా మారుతున్నప్పుడు ఈ మూడు అంకెలను ఒకే గీత మీద గుర్తించడం అర్థం లేని పని.

ఖర్చుల లెక్కలు: వెబ్‌సైటా, దరఖాస్తా, ఆడిటా

మీ వార్డులో కాలువకో రోడ్డుకో ఎంత ఖర్చయిందని తెలుసుకోవడానికి మూడు దారులు ఉన్నాయి. వెబ్‌సైటులోని బడ్జెట్ పత్రాలు వెంటనే దొరుకుతాయి గానీ, కేటాయింపునూ ఖర్చునూ ఒకటిగా చదివే ప్రమాదం అక్కడే ఎక్కువ. పైగా చాలా పత్రాలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు కావడం వల్ల అంకెలను కూడి సరిచూడడం కష్టం.

సమాచార హక్కు దరఖాస్తు ఆలస్యమైన దారి, అయినా ఖర్చుల విషయంలో నేను మొదట సూచించేది ఇదే. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుం లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పనక్కరలేదు. జవాబుకు గడువు 30 రోజులు. అది దాటితే గానీ, జవాబు అసంతృప్తికరంగా ఉంటే గానీ 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేసుకోవచ్చు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా విధించే అధికారం కమిషన్‌కు ఉంది. పోర్టల్‌లోని అంకెకు బాధ్యుడెవరో తెలియనప్పుడు, సంతకంతో వచ్చిన నకలుకు ఒక అధికారి బాధ్యుడవుతాడు. ఆ తేడా వల్లనే నెల రోజులు వేచి ఉండడం వ్యర్థం కాదంటున్నాను. ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే జవాబు రాదు. కొలతల పుస్తకం నకలు, బిల్లు నకలు, పని ఆదేశం నకలు అని పత్రాల పేర్లతో అడగాలి. వీలైతే ఫైలును స్వయంగా పరిశీలించడానికి కోరాలి, మొదటి గంటకు రుసుం ఉండదు.

ఈ దారికి ఒక పరిమితి పెరుగుతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను మార్చింది. ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారాన్ని వెల్లడించవచ్చన్న మాటలు ఆ నిబంధనలో ఇప్పుడు లేవు. 8(2) కింద ప్రజాప్రయోజన వాదన ఇంకా మిగిలే ఉంది గనుక దరఖాస్తులో దానిని ప్రస్తావించడం మేలు. గోప్యత విషయంలో ప్రభుత్వాలు అతిగా వెల్లడించి కూడా నమ్మకం పోగొట్టుకున్నాయని ఇక్కడ ఒప్పుకోవాలి. రాష్ట్రంలోని చంద్రన్న బీమా సహా నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు బహిరంగంగా కనిపిస్తున్నాయని 2017 మేలో ఒక పరిశోధనా సంస్థ బయటపెట్టింది. కాంట్రాక్టరు బిల్లును దాచి పింఛనుదారు ఆధార్‌ను చూపే పోర్టల్‌ను ఏ పౌరుడూ గౌరవించడు.

మూడవ దారి ఆడిట్. రాజ్యాంగంలోని 151వ అధికరణం కింద శాసనసభ ముందుకు వచ్చే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికలు సంవత్సరాల ఆలస్యంతో వస్తాయి, మీ వీధి వాటిలో ఉండే అవకాశమూ తక్కువే. స్వతంత్రతలో మాత్రం వీటికి సాటి లేదు. ఆక్షేపణ పక్కనే శాఖ ఇచ్చిన సమాధానాన్నీ అచ్చువేయడం వల్ల పాఠకుడు తానే తీర్పు చెప్పుకోగలడు. ఉపాధి హామీ పనులలో మన రాష్ట్రం ముందుండి నడిపిన సామాజిక తనిఖీ ఇంతకంటే ఒక అడుగు ముందుకు వేసింది. మస్టరులో (కూలీల హాజరు పట్టికలో) ఉన్న పేర్లను, కూలి మొత్తాలను ఊరి సభలో చదివి వినిపిస్తే, ఆ పనికి రాని మనిషి పేరు చదివినప్పుడు అక్కడికక్కడే ఎవరో ఒకరు లేచి అడగగలరు. నగర వార్డులలో అటువంటి సభ అలవాటు లేకపోవడం పెద్ద లోటు.

రెండు ప్రభుత్వ లెక్కలు పొసగనప్పుడు

ఆస్తమా ఉన్న పిల్లలను ఈ రోజు బయటకు పంపాలా అన్న ప్రశ్నకు నిరంతర కేంద్రం గంటవారీ అంకె ఒక్కటే చాలు, తప్పయినా నష్టం స్వల్పం. ఇల్లు కొనడం, వినతిపత్రం ఇవ్వడం, కోర్టుకు వెళ్ళడం, పత్రికలో రాయడం వంటి పనులకు పరస్పరం సంబంధం లేని రెండు వనరులు కావాలి. వార్తా కథనాన్నీ, ఆ కథనానికి మూలమైన పోర్టల్‌నూ రెండు వనరులుగా లెక్కించకూడదు. సంబంధం లేని రెండు వనరులు విభేదిస్తే సగటు తీయవద్దు. ఏ తేదీల మధ్య, ఏ సరిహద్దులో, ఏ పద్ధతితో కొలిచారో రెండు కార్యాలయాలనూ వేర్వేరు దరఖాస్తులతో అడిగితే తేడాకు కారణం చాలాసార్లు ఈ మూడింటిలోనే దొరుకుతుంది. గాలి యంత్రాల విషయంలో వీటికి తోడు చివరిసారి క్రమాంకనం (యంత్రం సరిగా కొలుస్తోందో లేదో సరిచూడడం) చేసిన తేదీ, ఆ ధ్రువపత్రం నకలు అడగాలి. జవాబు వచ్చేలోగా పోర్టల్ అంకెలు మారవచ్చు కనుక, దించుకున్న ఫైలును పేరు మార్చకుండా, దించుకున్న తేదీ రాసి, స్క్రీన్‌షాట్‌తో సహా సంఘం కార్యదర్శి దగ్గరా మరొక సభ్యుని దగ్గరా భద్రపరచాలి.